పాత దీపాలకు కొత్త దీపాలు

అల్లావుద్దీన్ కథ విన్నవారెవరికైనా ఒక ఘట్టం జ్ఞాపకం ఉంటుంది. మాంత్రికుడు కొత్త దీపాలు గంపలో పెట్టుకుని, పాత దీపం ఇచ్చినవారికి కొత్తది ఇస్తానని వీధుల వెంట కేకలు వేస్తాడు. పిల్లలు అతణ్ణి పిచ్చివాడని గేలి చేస్తారు. ఇంట్లో ఉన్న పాత దీపం మహిమ రాకుమారికి తెలియదు. ఈ బేరంలో పోయేదేముందనుకుని దాసీచేత దానిని ఇప్పించివేస్తుంది. ఆ రాత్రే ఆమె భవనంతో సహా ఆఫ్రికాకు తరలిపోతుంది. పిచ్చివాడెవరో, మోసపోయినదెవరో అప్పుడుగాని తెలియదు.

అమెరికా చిత్రసంస్థలు కొంతకాలంగా సాగిస్తున్న ఒక వ్యాపారం ఈ ఘట్టాన్ని గుర్తుకు తెస్తున్నది. ఒకప్పుడు బొమ్మలు గీసి తీసిన తమ ప్రసిద్ధ చిత్రాలనే నటీనటులతో మళ్ళీ తీసి విడుదల చేయటం ఆ వ్యాపారం. ఇందులో అగ్రస్థానం డిస్నీ సంస్థది. 2010లో 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్', 2015లో 'సిండ్రెల్లా', 2016లో 'జంగిల్ బుక్', 2017లో 'బ్యూటీ అండ్ ది బీస్ట్', 2019 ఒక్క సంవత్సరంలోనే 'డంబో', 'అలాదిన్', 'లయన్ కింగ్', 2020లో 'ములాన్', 2023లో 'లిటిల్ మెర్మెయిడ్', 2025లో 'స్నోవైట్', 'లీలో అండ్ స్టిచ్' వచ్చాయి. 2025లోనే డ్రీమ్‌వర్క్స్ సంస్థ కూడా తన 2010 నాటి 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' చిత్రాన్ని ఇదే పద్ధతిలో మళ్ళీ తీసింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల ప్రేక్షకునికి ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2019లో 'అలాదిన్' తెలుగులోకి వచ్చినప్పుడు దీపంలోని జిన్నుకు వెంకటేష్, అలాదిన్‌కు వరుణ్ తేజ్ గొంతు ఇచ్చారు. అదే ఏడాది 'లయన్ కింగ్'లో సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ మాట్లాడారు. 2024లో 'ముఫాసా'కు మహేష్‌బాబు గొంతు తోడయింది. ఇంతమంది పేరున్న నటులను పిలిచి చెప్పించారంటే తెలుగు పిల్లల జ్ఞాపకంలో చోటు సంపాదించటం ఆ సంస్థకు ఎంత అవసరమో ఊహించవచ్చు.

అంతేకాదు, ఈ విషయంలో తీర్పు చెప్పే అర్హత ఈ మూడు ఊళ్ళ ప్రాంతానికి కొంత ఎక్కువగానే ఉన్నది. తోలుబొమ్మలకు పేరుపొందిన నిమ్మలకుంట ధర్మవరం మండలంలోనే ఉన్నది. ఒక కథను బొమ్మలతో చెప్పటం, దానినే మళ్ళీ మళ్ళీ చెప్పటం అంటే ఏమిటో ఇక్కడివారికి తరతరాలుగా తెలుసు. కనుక రెండు ప్రశ్నలు వేసుకోవలసి ఉన్నది. ఈ సంస్థలు తమ పాత చిత్రాలను ఎందుకు మళ్ళీ తీస్తున్నాయి? అలా తీయటంలో కథకు ఏమి జరుగుతున్నది?

వ్యాపారి లెక్క

మొదటి ప్రశ్నకు సమాధానం కష్టమైనది కాదు. తెలిసిన పేరుకు ప్రచారం సగం ముందే జరిగి ఉంటుంది. 1992లో పదేళ్ళ వయసులో బొమ్మల 'అలాదిన్' చూసిన పిల్లవాడు 2019 నాటికి ముప్పై ఏడేళ్ళ తండ్రి. అతడు తన బాల్యాన్ని వెతుక్కుంటూ పోతాడు, వెంట తన పిల్లలను తీసుకుపోతాడు. ఒక్క పేరు మీద రెండు తరాలు టిక్కెట్లు కొంటాయి. 2019 నాటి 'అలాదిన్' ప్రపంచమంతటా 100 కోట్ల డాలర్లకు పైగా, 'లయన్ కింగ్' 160 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి.

రెండవ కారణం అంతగా చర్చకు రానిది. పూర్వం డిస్నీ సంస్థకు పాత చిత్రాన్ని మళ్ళీ తీయవలసిన అవసరమే ఉండేది కాదు. 1937 నాటి 'స్నోవైట్'ను 1944, 1952, 1958, 1967, 1975 సంవత్సరాలలో థియేటర్లకు తిరిగి పంపారు. సుమారు ఏడెనిమిది ఏళ్ళకొకసారి కొత్త పిల్లలు పుట్టి పెరుగుతారు, వారికి అదే చిత్రం కొత్తది. వీడియో క్యాసెట్టు ఇంటింటికీ వచ్చిన తరువాత ఈ దారి మూసుకుపోయింది. అల్మారాలో ఉన్న చిత్రాన్ని చూడటానికి డబ్బిచ్చి థియేటరుకు ఎవరు పోతారు? పాత చిత్రానికి కొత్త ఒళ్ళు తొడిగితేగాని రెండవసారి టిక్కెట్టు అమ్ముడుపోదు. ఆ విధంగా చూస్తే ఈనాటి పునర్నిర్మాణం ఒకప్పటి పునర్విడుదలకు వారసురాలు.

మూడవది హక్కుల సంగతి. సిండ్రెల్లా, స్నోవైట్, అల్లావుద్దీన్ కథలు ఎవరి సొత్తూ కావు. వాటిని ఎవరైనా చెప్పవచ్చు, ఎవరైనా తీయవచ్చు. కాని నీలిరంగు జిన్ను, జాస్మిన్ అనే రాకుమారి, ఆ పాటలు మాత్రం సంస్థవి. అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి సంస్థల పాత చిత్రాలకు 95 సంవత్సరాల రక్షణ ఉన్నది. మిక్కీ మౌస్ కనిపించిన 1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ' 2024 జనవరి 1న అందరి సొత్తు అయింది. 1937 నాటి 'స్నోవైట్' వంతు 2033లో రానున్నది. మళ్ళీ తీసినంతమాత్రాన పాత చిత్రానికి గడువు పెరగదు. ఐతే కొత్తగా చేర్చిన పాటకు, వేషానికి, సన్నివేశానికి కొత్త గడువు మొదలవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ కథ అనగానే ఆ సంస్థ ముద్రే మనసులో మెదిలేటట్లు మరొక తరానికి అలవాటవుతుంది.

నాల్గవది గౌరవం. బొమ్మల చిత్రం పిల్లల వస్తువనీ, మనుషులు నటిస్తేనే అది పెద్దల చిత్రమనీ ఒక అపోహ ఉన్నది. 1991 నాటి 'బ్యూటీ అండ్ ది బీస్ట్' ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కారుకు పోటీపడిన మొదటి బొమ్మల చిత్రం. అయినా ఆ అపోహ పోలేదు. బొమ్మను మనిషిగా మార్చటం దాని హోదా పెంచటమేనని నిర్మాతలూ నమ్ముతారు, ప్రేక్షకులూ నమ్ముతారు.

ఈ లెక్క ప్రతిసారీ ఫలించదు. 2025లో 'స్నోవైట్' ఖర్చుకు తగ్గ వసూళ్ళు తేలేక నష్టపోయింది. అదే సంవత్సరం 'లీలో అండ్ స్టిచ్' 100 కోట్ల డాలర్లు దాటింది. ప్రేక్షకుడు ఏది పెడితే అది తినేవాడు కాదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే లాభనష్టాలు వ్యాపారి చూసుకోవలసినవి. విమర్శకుడు చూడవలసినది రెండవ ప్రశ్న.

ఎవరు చెప్పారు? ఆయనకు ఎవరు చెప్పారు?

హదీసు విద్యార్థి ఏ ఉల్లేఖనం విన్నా ముందుగా ఉల్లేఖకుల పరంపరను అడుగుతాడు. దానిని ఇస్నాద్ అంటారు. ఆ తరువాతనే మత్న్, అనగా మూలపాఠం, పరిశీలనకు వస్తుంది. ధార్మిక ప్రమాణమైన హదీసుకూ వినోదానికి చెప్పుకునే కథకూ ఎటువంటి సామ్యమూ లేదు. ఒకదానికి పెట్టే కఠిన నియమాలు రెండవదానికి పెట్టనవసరం లేదు. కాని "ఎవరు చెప్పారు?" అని అడిగే అలవాటు కథల విషయంలో కూడా ఉపకరిస్తుంది. 'అలాదిన్' విషయంలో ఆ ప్రశ్న వేసి చూస్తే ఫలితం ఆశ్చర్యకరంగా ఉంటుంది.

అల్లావుద్దీన్ కథ 'అలిఫ్ లైలా' ప్రాచీన అరబీ ప్రతులలో లేదు. హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు 1709లో పారిస్‌లో దానిని ఆంత్వాన్ గలాన్ అనే ఫ్రెంచి పండితునికి చెప్పాడు. దియాబ్ సిరియాకు చెందిన మెరొనైట్ క్రైస్తవుడు. గలాన్ ఆ కథను తన ఫ్రెంచి అనువాద సంపుటాలలో చేర్చి 1712లో అచ్చువేశాడు. ఆ పుస్తకంలో ఎక్కడా దియాబ్ పేరు లేదు. దియాబ్ తన వార్ధక్యంలో అరబీలో రాసుకున్న యాత్రావృత్తాంతం వాటికన్ గ్రంథాలయంలో ఉండిపోయింది. అది ఆయనదేనని 20వ శతాబ్ది చివరలో గుర్తించారు. 2015లో దాని ఫ్రెంచి అనువాదం వెలువడింది. కథ చెప్పిన మనిషి ప్రపంచానికి పరిచయం కావటానికి సుమారు మూడువందల సంవత్సరాలు పట్టింది.

మధ్యలో మరొక విచిత్రం జరిగింది. అల్లావుద్దీన్ కథకు అరబీ ప్రతి దొరికిందని 19వ శతాబ్దిలో ప్రకటించి, అచ్చుకూడా వేశారు. అది గలాన్ ఫ్రెంచి పాఠం నుండి తిరిగి అరబీలోకి చేసిన అనువాదమని తరువాతి పరిశోధనలో తేలింది. 1984లో ముహ్సిన్ మహ్దీ లైడెన్‌లో ప్రకటించిన పరిష్కృత ప్రతిలో ఈ కథకు చోటు లేదు. అనువాదం మూలంగా చలామణీ అయితే ఎంత గందరగోళం పుడుతుందో చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ఇక కథ సంగతి. గలాన్ పాఠంలో అల్లావుద్దీన్ చైనా దేశపు నగరంలో ఒక దర్జీ కొడుకు. మాంత్రికుడు మగ్రిబ్, అనగా ఉత్తర ఆఫ్రికా, నుండి వచ్చినవాడు. ఉంగరానికి ఒక జిన్ను, దీపానికి ఒక జిన్ను ఉంటారు. మూడే కోరికలన్న నియమం లేదు. రాకుమారి పేరు బద్రుల్ బుదూర్.

1992 చిత్రంలో ఇందులో చాలా భాగం లేదు. ఆ చిత్రానికి మరొక ఉల్లేఖకుడు ఉన్నాడు. అది 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రం. కుట్రదారుడైన వజీరు జాఫర్ అక్కడినుండే వచ్చాడు. చరిత్రలో జాఫర్ బర్మకీ ఖలీఫా హారూన్ రషీద్‌కు వజీరు. 803లో మరణశిక్షకు గురైనవాడు. 'అలిఫ్ లైలా' కథలలో ఆయన ఖలీఫా వెంట మారువేషంలో తిరిగే నమ్మకమైన మంత్రి. చలనచిత్రాల పుణ్యమా అని నేడు జాఫర్ అంటే పిల్లలకు దుర్మార్గుడు.

అదే 1940 చిత్రంలో అబూ అనే చలాకీ దొంగపిల్లవాడున్నాడు. ఆ వేషం వేసినవాడు సాబు. హిందూపురానికి పొరుగున ఉన్న కన్నడ సీమలో, మైసూరు సంస్థానంలోని కారాపురంలో 1924లో పుట్టిన మావటివాని కొడుకు. 1942లో తీసిన 'జంగిల్ బుక్'లో మోగ్లీ కూడా అతడే. అనగా డిస్నీ 1967లో బొమ్మలతో, 2016లో నటునితో తీసిన ఆ కథను అంతకుముందే ఒక భారతీయ బాలుడు సజీవంగా నటించి చూపించాడు. 1992 'అలాదిన్'లో అబూ పేరు మిగిలింది. కాని ఆ పేరు ఒక కోతికి పెట్టబడింది.

కథలు ఇలా కలగలిసిపోవటం తప్పు కాదు. సిరియా క్రైస్తవుడు చైనా పేరుతో చెప్పిన కథను ఫ్రాన్సు పండితుడు అరబ్బుల పుస్తకంలో చేర్చాడు. అరబ్బులు దానిని తమదిగా తీసుకున్నారు; తెలుగువారూ తీసుకున్నారు. 1957లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన 'అల్లావుద్దీన్ అద్భుతదీపం' తెలుగులో వచ్చింది. జిన్ను అన్న మాట తెలుగులో భూతమైంది. అనువాదకుడు ఈ మాట దగ్గర కాస్త ఇబ్బంది పడతాడు. ఎందుకంటే ఇస్లామీ విశ్వాసంలో జిన్నులు మంచిచెడులకు జవాబుదారీ అయిన సృష్టి. భూతానికి ఆ అర్థం లేదు. అయినా కథ కొత్త ఊరికి వచ్చినప్పుడు ఆ ఊరి మాట కట్టుకోక తప్పదు. అభ్యంతరం మార్పుకు కాదు, చెప్పినవాని పేరు తుడిచివేయటానికి. దియాబ్ పేరు గలాన్ పుస్తకంలో లేదు. సాబు జ్ఞాపకం ఒక కోతి పేరుగా మిగిలింది. 2019 చిత్రానికి వచ్చేసరికి పరంపర మరీ కుదించుకుపోయింది. ఆ చిత్రానికి ప్రధాన ఉల్లేఖకుడు అదే సంస్థ తీసిన 1992 చిత్రం. సంస్థ తన మాటకు తానే సాక్ష్యం చెప్పుకున్నది.

దిద్దుబాటు ఎంతవరకు?

మళ్ళీ తీయటం పాత తప్పులను దిద్దుకోవటానికేనని నిర్మాతలు చెప్పే సమాధానం ఒకటున్నది. దానిని తేలికగా కొట్టిపారవేయకూడదు. 1992 చిత్రం ప్రారంభగీతం అరబ్బుల దేశాన్ని ముఖం నచ్చకపోతే చెవి కోసే చోటుగా వర్ణించింది. అమెరికాలోని అరబ్బు సంఘాలు నిరసించగా 1993లో వీడియోగా విడుదల చేసినప్పుడు ఆ చరణాన్ని మార్చారు. కాని ఆ దేశాన్ని ఆటవికమని చెప్పే విశేషణం అలాగే నిలిచిపోయింది. అది 2019 చిత్రంలోగాని తొలగలేదు. 1992 చిత్రంలో నాయికానాయకులు అమెరికన్ల యాసలో మాట్లాడితే, బజారులోని వర్తకులు, భటులు విదేశీ యాసలో మాట్లాడతారు. 2019 చిత్రంలో ఈజిప్టులో పుట్టిన మేనా మసూద్ నాయకుడయ్యాడు. జాస్మిన్ తండ్రిచాటు రాకుమారిగా మిగలక సుల్తాను పీఠమెక్కింది. ఇవన్నీ మంచి మార్పులే. పేరు చెప్పగానే తోటి విద్యార్థులు వింతగా చూసే ముస్లిం పిల్లవానికి వాటి విలువ తెలుసు.

కాని దిద్దినది పాత చిత్రాన్ని మాత్రమే. కథ దగ్గరకు తిరిగి పోలేదు. పోయి ఉంటే అక్కడ అల్లావుద్దీన్ తల్లి కనిపించేది.

గలాన్ పాఠంలో ఆమె ముఖ్యపాత్ర. భర్త చనిపోయిన దర్జీ. కొడుకు పనికిమాలినవాడై వీధుల్లో తిరుగుతుంటే ఆమె పత్తి వడికి ఇల్లు గడుపుతుంది. కొడుకు సుల్తాను కుమార్తెను పెళ్ళాడతానంటే ముందు నవ్వి, తరువాత భయపడి, చివరకు రత్నాల పళ్ళెం గుడ్డలో కట్టుకుని దర్బారుకు పోయి నిలబడుతుంది. ఎవరూ పలకరించకపోతే తిరిగివచ్చి మర్నాడు మళ్ళీ పోతుంది. ఇలా ఎన్నో రోజులు తిరిగిన తరువాతగాని సుల్తాను దృష్టి ఆమె మీద పడదు. జిన్ను చేయలేని పని ఆ పేదరాలి ఓపిక చేస్తుంది. 1992 చిత్రానికి వేసుకున్న తొలి ప్రణాళికలో ఈ తల్లి ఉన్నది, ఆమె కోసం ఒక పాటకూడా కట్టారు. తరువాత ఆమెను తొలగించారు. 2019లోనూ ఆమె తిరిగి రాలేదు. రెండు చిత్రాలలోనూ అల్లావుద్దీన్ తల్లి లేని పిల్లవాడే.

ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లవానికి ఈ తల్లి కొత్త మనిషి కాదు. కండెలు చుట్టి ఇల్లు నడిపే ఆడవారు అతని ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటారు. ఆఫీసు గుమ్మం ముందు రోజుల తరబడి నిలబడటం అంటే ఏమిటో కూడా అతనికి తెలుసు. వేల కోట్ల ఖర్చుతో ఆ పిల్లవాని ఊరిదాకా వచ్చిన కథలో, అతడు తనదిగా గుర్తుపట్టగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమెనే లేకుండా చేశారు. ఈ పునర్నిర్మాణాలపై చేయవలసిన పెద్ద ఫిర్యాదు ఇదే.

బొమ్మ చేయగలిగినది

రూపం విషయంలో కూడా నష్టం తక్కువ కాదు. దీనికి నిమ్మలకుంట బొమ్మను చూస్తే చాలు. మేకతోలును పలుచగా, వెలుతురు దూరేటట్లు తయారుచేసి, రంగులు వేసి, నగలు ఉండవలసిన చోట సన్నని రంధ్రాలు చేస్తారు. తెల్లని తెర వెనుక దీపం పెట్టగానే ఆ రంధ్రాలు ఆభరణాలై మెరుస్తాయి. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. కన్ను మాత్రం పెద్దది. ఆ బొమ్మ నిజమైన మనిషిలా కనిపించాలని ఎన్నడూ ప్రయత్నించదు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి ఆలయపు పైకప్పు మీది 16వ శతాబ్ది చిత్రాలూ ఇటువంటివే. గీత తక్కువ చెబుతుంది. మిగిలినది చూసేవాని ఊహ పూర్తిచేస్తుంది.

ముస్లిం దేశాలకు కూడా ఈ కళ కొత్తది కాదు. చిత్రరూపాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చ అలా ఉంచితే, ఖయాల్ అజ్-జిల్ అనే నీడబొమ్మలాట 13వ శతాబ్దిలో కైరోలో ప్రసిద్ధి పొందింది. మోసూల్ నుండి అక్కడికి వలసవచ్చిన కంటివైద్యుడు ఇబ్న్ దానియాల్ దానికోసం రచించిన మూడు నాటకాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

ఈ దృష్టితో 1992 నాటి జిన్నును చూడాలి. అతడు కేవలం గీత. క్షణంలో ఏనుగంత అవుతాడు, క్షణంలో చీమంత అవుతాడు, పదిమంది ముఖాలు పెట్టుకుంటాడు. ఎముక లేనివాడు కనుక అతడు జిన్నే అనిపిస్తుంది. 2019లో విల్ స్మిత్ ఎంత ఉత్సాహంగా నటించినా, నీలిరంగు పూసిన మనిషిలాగానే ఉంటాడు. 'లయన్ కింగ్' పరిస్థితి మరీ విచిత్రం. దానిని సజీవ చిత్రమన్నారు గాని అందులో నిజమైన సింహమొక్కటీ లేదు. దాదాపు చిత్రమంతా కంప్యూటరుతో చేసిన బొమ్మలాటే. బొమ్మనే మళ్ళీ బొమ్మగా తీసి, అది బొమ్మ కానట్లు కనిపించేందుకు శ్రమించారు. అచ్చం అడవిసింహంలా ఉన్న ముఖం తండ్రి చనిపోయినప్పుడు ఏడవలేదు. పాత గీతల సింహం ఏడ్చింది.

తెలుగువారు తీయలేదా?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. తెలుగువారు మాత్రం ఒకే కథను మళ్ళీ మళ్ళీ తీయలేదా? తీశారు. సి. పుల్లయ్య 1934లో 'లవకుశ' తీశారు. 1963లో అదే పుల్లయ్య, ఆయన కుమారుడు సి.ఎస్. రావు కలిసి ఎన్.టి. రామారావుతో దానిని రంగుల్లో తీశారు. పూర్తినిడివి రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రం అదే. 2011లో బాపు అదే ఉత్తరరామకథను బాలకృష్ణతో 'శ్రీరామరాజ్యం'గా తీశారు. హిందూపురం ఓటర్లకు ఇందులో ఒక చమత్కారం కనిపిస్తుంది. తొలుత రాముడుగా నటించిన తండ్రిని 1985, 1989, 1994 ఎన్నికలలో, తరువాత నటించిన కుమారుణ్ణి 2014, 2019, 2024 ఎన్నికలలో వారే శాసనసభకు పంపారు. తెలిసిన పేరు, కొత్త తరం, కొత్త సాంకేతికత అనే మూడు కారణాలు ఇక్కడా పనిచేశాయి. తెలుగు నిర్మాతలు లాభం కోరని త్యాగులేమీ కారు.

'భక్త ప్రహ్లాద' కథ తొలి తెలుగు టాకీగా 1932లో వచ్చి, 1942, 1967 సంవత్సరాలలో మళ్ళీ వచ్చింది. 2025లో 'మహావతార్ నరసింహ' పేరుతో బొమ్మల చిత్రమై తెలుగులోనూ విజయం పొందింది. ఇక్కడ ప్రయాణం తిరుగుదిశలో సాగింది. మనుషులు ముందు వచ్చారు, బొమ్మలు తరువాత వచ్చాయి. దీనినిబట్టి బొమ్మను మనిషిగా మార్చటమే పురోగతి అన్న మాట నిలవదని తేలుతున్నది.

అసలు భేదం వేరొకచోట ఉన్నది. 1963 నాటి 'లవకుశ' కారణంగా ఉత్తరరామకథ ఎవరి సొత్తూ కాలేదు. బాపు తీసినా, బడిపిల్లలు నాటకం వేసినా, నిమ్మలకుంట కళాకారుడు తెర కట్టినా ఎవరి అనుమతీ అవసరం లేదు. ప్రతివారూ మూలం దగ్గరకు స్వయంగా పోయి తమకు కావలసినది తెచ్చుకోవచ్చు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క రామకథ మధ్యలో దూరి ఆ ఊరి సంగతులే మాట్లాడతారు. నిన్న చూసిన ఆటకూ ఈనాటి ఆటకూ భేదం అక్కడే పుడుతుంది. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గాకు వచ్చే హిందువులు, ముస్లిములు ఆయన వృత్తాంతాన్ని పెద్దలు చెప్పగా విన్నామంటూ చెప్పుకుంటారు. అందులో ఏది చరిత్ర, ఏది ఐతిహ్యమన్నది పండితుల విచారణకు సంబంధించినది. కాని ఆ కథకు వేలమంది చెప్పేవారున్నారు, యజమాని ఒక్కడూ లేడు.

స్టూడియో కథకు యజమాని ఒక్కడే, చెప్పేవాడూ అతడే. అందుచేత అతడు ఎన్నిసార్లు చెప్పినా అది తన పాత ప్రతికి తీసిన నకలే అవుతుంది. మూలానికి పోయి కొత్తగా తెస్తే అది ఎవరికీ చెందని మూలమని అందరికీ గుర్తువస్తుంది. నకలు తీస్తే తన ముద్ర చెదరదు. పాత చిత్రాలను మళ్ళీ తీయటంలోని లోపలి కారణం ఇదే.

చేయవలసినది

నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం సముచితమైనది. ఐతే ఆ ఊరి కళాకారులలో అనేకులకు నేడు కూడు పెడుతున్నది రాత్రంతా ఆడే ఆట కాదు. తోలుతో చేసి పట్టణాలకు అమ్మే గోడబొమ్మలు, దీపాల తొడుగులు. యజమాని లేని కథలకు చెప్పేవారు తగ్గిపోతున్నారు. యజమాని ఉన్న కథలు మాత్రం ప్రతి తరానికీ కొత్త దుస్తులతో వస్తున్నాయి. పిల్లల ఊహలో మిగిలే కథలేవో తేల్చేది ఈ లెక్కే కనుక, దీనిని వినోదపు విషయమని వదిలివేయటానికి వీలులేదు.

దీనికి పిల్లలను థియేటరుకు పోవద్దనటం విరుగుడు కాదు. చూసివచ్చిన పిల్లవానికి మూలకథ చెప్పటం విరుగుడు. హన్నా దియాబ్ చెప్పగా గలాన్ రాసిన కథను, ఆ తల్లితో సహా, సంక్షిప్తం చేయకుండా తెలుగు చేయవచ్చు. ఉర్దూ చదివే ఇళ్ళలో 'అలిఫ్ లైలా' పాత ప్రతులు ఉంటే వాటిని పిల్లల ముందు తెరవవచ్చు. పాఠశాలలో, మదరసాలో ఒక సాయంత్రం ఉపాధ్యాయుడు చెప్పవచ్చు. చెప్పేటప్పుడు ఈ కథ ఎవరు చెప్పగా ఎవరు రాశారో కూడా చెప్పవచ్చు. నిమ్మలకుంట కళాకారుడు కోరుకుంటే దర్జీ కొడుకును, పత్తి వడికే తల్లిని, బద్రుల్ బుదూర్‌ను మేకతోలు మీద కత్తిరించి తెర మీద ఆడించవచ్చు. నీలిరంగు జిన్నుకు, జాస్మిన్‌కు దూరంగా ఉంటే చాలు. మిగిలిన కథను ఆపే హక్కు ఏ సంస్థకూ లేదు.

పాత దీపాన్ని ఇచ్చివేసిన రాకుమారి దుర్మార్గురాలు కాదు. దానిలో ఏమున్నదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. భర్త అల్లావుద్దీన్‌కు తెలుసు, కాని అతడు వేటకు పోయాడు. కొత్త దీపాల గంప ఇప్పుడు ధర్మవరం వీధికీ వచ్చింది. తెలిసినవారు ఇంట్లో ఉండి చెప్పవలసిన సమయమిది.